ఊరి పేరు మోసిన డాలర్లు: అమెరికా జాతీయ బ్యాంకు నోట్ల సేకరణ

నెవాడా ఎడారిలో రయోలైట్ అనే ఊరు ఉండేది. 1904లో ఆ కొండల్లో బంగారం బయటపడింది. రెండు మూడేళ్లలోనే అక్కడికి రైలు వచ్చింది, కరెంటు వచ్చింది, వేల మంది జనం వచ్చారు. 1911లో పెద్ద గని మూతపడేసరికి వచ్చినవారు వచ్చినట్టే వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కడ కప్పులేని గోడలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఆ కొద్దికాలపు వెలుగులో, 1907లో, ఆ ఊళ్లో ఫస్ట్ నేషనల్ బ్యాంక్ ఆఫ్ రయోలైట్ అనే బ్యాంకు వెలిసింది. అది తన పేరు మీద, తన అధికారుల సంతకాలతో డాలర్ నోట్లు జారీ చేసి, ఊరి కంటే ముందే మూతపడింది. ఆ నోటు ఒకటి ఎక్కడైనా బయటపడితే, దాని మీద అచ్చయిన డాలర్ల విలువకు ఎన్నో రెట్లు పెట్టి కొనడానికి మనుషులు పోటీ పడతారు. అదే ఏడాది, అదే రూపంలో, అదే అచ్చుయంత్రం మీద న్యూయార్క్ నగరపు పెద్ద బ్యాంకు పేరుతో వచ్చిన నోటుకు అంత గిరాకీ ఉండదు. ఒకే బొమ్మ, ఒకే కాగితం, ఒకే విలువ ఉన్న రెండు నోట్ల మధ్య ఇంత అంతరం ఎందుకు వస్తుందన్నదే ఈ సేకరణకు మూలప్రశ్న. దానికి జవాబు బొమ్మలో దొరకదు. ఊరి పేరులోనూ, ఆ పేరును నోటు మీదికి ఎక్కించిన బ్యాంకింగ్ చట్టంలోనూ వెతకాలి.

‘జాతీయ బ్యాంకు’ అనే మాట తెలుగు పాఠకులను కొంత పక్కదోవ పట్టించవచ్చు. మనకు ఆ మాట వినగానే 1969లో జాతీయం చేసిన బ్యాంకులు గుర్తుకొస్తాయి. అమెరికాలో నేషనల్ బ్యాంకు అంటే ప్రభుత్వ బ్యాంకు కాదు. ఊళ్లోని వ్యాపారులు, రైతులు, గని యజమానులు వాటాలు వేసుకుని పెట్టుకున్న ప్రైవేటు బ్యాంకే అది. అనుమతిపత్రం మాత్రం రాష్ట్రం నుంచి కాకుండా వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం నుంచి వచ్చేది. ఆ అనుమతికి చార్టర్ అని పేరు, దానికొక వరుస సంఖ్య. ఒకటో నంబరు చార్టర్ 1863లో ఫిలడెల్ఫియాలోని ఫస్ట్ నేషనల్ బ్యాంకుకు దక్కింది. 1935లో ఈ నోట్లు ఆగిపోయే నాటికి ఆ సంఖ్య పద్నాలుగు వేలు దాటింది. వాటిలో నోట్లు జారీ చేసిన బ్యాంకులే పన్నెండు వేల పైచిలుకు.

ఈ ఏర్పాటుకు ముందున్న పరిస్థితి తెలిస్తే గానీ దీని అవసరం అర్థం కాదు. అంతర్యుద్ధానికి ముందు అమెరికాలో దేశమంతటికీ ఒకే కాగితపు డబ్బు లేదు. రాష్ట్రాల అనుమతి పొందిన పదిహేను వందలకు పైగా బ్యాంకులు ఎవరి నోట్లు వారు అచ్చు వేయించుకునేవి. పరిమాణం, రంగు, బొమ్మ అన్నీ వారిష్టమే. ఒక ఊరి నోటు వంద మైళ్ల అవతల చూపిస్తే వ్యాపారి దాన్ని తిప్పి తిప్పి చూసి, ఆ బ్యాంకు ఇంకా బతికే ఉందో లేదో ఆరా తీసి, డాలరుకు కొన్ని సెంట్లు తగ్గించి పుచ్చుకునేవాడు. ఏ నోటు మంచిదో, ఏది దొంగదో, ఏ బ్యాంకు దివాలా తీసిందో చెప్పే పత్రికలు ప్రత్యేకంగా వెలువడేవి. దుకాణదారులు వాటిని బల్ల మీద పెట్టుకుని వ్యాపారం చేసేవారు. దివాలా తీసిన ఆ బ్యాంకుల నోట్లను సేకరించేవారు ఇప్పటికీ ఉన్నారు గానీ, అది వేరే శాఖ. వాటికి ఈనాడు చెల్లుబాటు లేదు. జాతీయ బ్యాంకు నోటు మాత్రం నేటికీ ముఖవిలువ మేరకు చెల్లుతుంది. పాతబడిన ఈ రెండు రకాల కాగితాల మధ్య ఉన్న ఆ తేడా, తరువాత చెప్పబోయే పూచీ ఏర్పాటు వల్ల వచ్చింది.

అంతర్యుద్ధపు ఖర్చుకు అప్పు పుట్టించవలసిన అవసరం ఖజానా మంత్రి శాల్మన్ ఛేజ్‌ను రెండు పిట్టలను ఒకే రాయితో కొట్టే ఆలోచన వైపు నడిపించింది. 1863 ఫిబ్రవరి 25న వచ్చిన చట్టం, దాన్ని సవరించి 1864 జూన్ 3న వచ్చిన చట్టం చెప్పిన సూత్రం సులభమైనదే: బ్యాంకు ముందుగా ప్రభుత్వ బాండ్లు, అంటే ప్రభుత్వ అప్పు పత్రాలు, కొని వాషింగ్టన్‌లో ఖజానా దగ్గర ఉంచాలి, ఆ బాండ్ల విలువలో 90 శాతం వరకు నోట్లు పొందాలి. నోట్లు అచ్చు వేయించేది ప్రభుత్వం, వాటిని సంతకం చేసి జనంలోకి వదిలేది బ్యాంకు. బ్యాంకు కుప్పకూలినా నోటు పట్టుకున్నవాడికి నష్టం లేదు, ఎందుకంటే ఖజానా ఆ బాండ్లు అమ్మి చెల్లిస్తుంది. ప్రభుత్వానికి బాండ్లు కొనేవారు దొరికారు, జనానికి దేశమంతటా ఒకే విలువతో చెల్లే నోటు దొరికింది. అయినా రాష్ట్ర బ్యాంకులు తమ నోట్లను వదులుకోలేదు. 1865 మార్చిలో చేసిన చట్టం వాటి నోట్ల మీద 10 శాతం పన్ను వేసింది. ఆ పన్ను 1866లో అమల్లోకి రాగానే రాష్ట్ర బ్యాంకుల నోట్లు కనుమరుగయ్యాయి.

చిన్న ఊళ్ల కథ మాత్రం అసలు 1900లో మొదలవుతుంది. 1864 చట్టం ప్రకారం ఆరు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో జాతీయ బ్యాంకు పెట్టాలన్నా 50,000 డాలర్ల మూలధనం కావాలి. పల్లెలకు అది మోయలేని మొత్తం. 1900 మార్చి 14న వచ్చిన స్వర్ణ ప్రమాణ చట్టం మూడు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు ఆ మొత్తాన్ని 25,000 డాలర్లకు తగ్గించింది. బాండ్ల ముఖవిలువకు సమానంగా, అంటే నూటికి నూరు శాతం, నోట్లు పొందే వీలూ కల్పించింది. రెండు శాతం వడ్డీ బాండ్ల మీద ఆధారపడిన నోట్లపై ఏటా వేసే పన్నును సగానికి, అంటే అర శాతానికి తెచ్చింది. దాంతో ధాన్యపు గిడ్డంగి, రైల్వే స్టేషను, రెండు చర్చిలు ఉన్న ప్రతి ఊరూ ఒక ఫస్ట్ నేషనల్ బ్యాంకు పెట్టుకోగలిగింది. అయోవా, టెక్సస్, ఓక్లహోమా, ఉత్తర డకోటా మైదానాల్లో ఇవి పుట్టగొడుగుల్లా లేచాయి. పెన్సిల్వేనియాలో నోట్లు జారీ చేసిన బ్యాంకుల సంఖ్య మరే రాష్ట్రంలోనూ లేనంత ఎక్కువ.

ఇక్కడ కాసేపు లెక్క వేసి చూడడం మంచిది, ఎందుకంటే అరుదుతనం ఈ లెక్కలోంచే పుడుతుంది. 25,000 డాలర్ల మూలధనం గల పల్లె బ్యాంకు తప్పనిసరిగా ఉంచవలసిన బాండ్లు మూలధనంలో నాలుగో వంతు మాత్రమే, అంటే 6,250 డాలర్లు. జాగ్రత్తపరులైన వాటాదారులు అంతటితో సరిపెట్టుకుంటే బ్యాంకుకు వచ్చే నోట్లూ అంతే విలువకు వస్తాయి. ఆనాడు నోట్లు నాలుగేసి ఉండే షీట్లుగా అచ్చయ్యేవి. ఎక్కువగా వాడిన అమరికల్లో ఒకదానిలో మూడు పది డాలర్ల నోట్లు, ఒక ఇరవై డాలర్ల నోటు ఉండేవి. అంటే షీటు విలువ 50 డాలర్లు. 6,250 డాలర్లకు 125 షీట్లు, మొత్తం 500 నోట్లు. ఒక ఊరి పేరు మీద ఏ ఒక్క రోజునైనా ప్రపంచంలో చలామణీలో ఉన్న కాగితం అంతే: 375 పదులు, 125 ఇరవైలు. చిరిగినవాటి స్థానంలో కొత్తవి వచ్చేవి గనుక మొత్తం అచ్చయినవి అంతకంటే ఎక్కువే అయినా, పాతవి వాషింగ్టన్ చేరి ధ్వంసమయ్యేవి. ఇదే సమయంలో న్యూయార్క్ బ్యాంకులు లక్షల కొద్దీ నోట్లు వదులుతున్నాయి. చిన్న ఊరి నోటు అరుదుగా ఉండడానికి కాలం ఒక్కటే కారణం కాదు. అది పుట్టినప్పుడే గుప్పెడు.

ఆ గుప్పెడు కూడా తగ్గడానికి ప్రభుత్వమే పక్కా యంత్రాంగం పెట్టింది. 1874 జూన్ 20 నాటి చట్టం ప్రతి బ్యాంకూ తన నోట్ల విలువలో 5 శాతం వాషింగ్టన్‌లో డిపాజిట్ ఉంచాలని నిర్దేశించింది. దేశం నలుమూలల నుంచి వచ్చే నలిగిన నోట్లను అక్కడి కార్యాలయం ఆ డబ్బుతో చెల్లించి, బ్యాంకుల వారీగా వేరుచేసేది. వేలాది బ్యాంకుల నోట్లను చేత్తో ఏరడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకే ఆ చట్టం నోటు మీద చార్టర్ నంబరు స్పష్టంగా అచ్చు వేయాలని కూడా చెప్పింది. అదీ చాలకపోవడంతో 1902 నుంచి 1924 వరకు ప్రాంతాన్ని బట్టి ఒక అక్షరం కూడా చేర్చారు: న్యూ ఇంగ్లండ్‌కు ‘ఎన్’, తూర్పుకు ‘ఈ’, మధ్య పడమరకు ‘ఎం’, దక్షిణానికి ‘ఎస్’, పడమరకు ‘డబ్ల్యూ’, పసిఫిక్ తీరానికి ‘పీ’. ఏరివేత గుమాస్తాల సౌకర్యం కోసం వేసిన ఆ అక్షరమే, వందేళ్ల తరువాత, నోటు ఏ కాలానిదో తేల్చే ఆనవాళ్లలో ఒకటయింది.

నోటు రూపాలు చాలా మారాయి గానీ అన్నీ ఒకే స్థాయిలో ఆసక్తి కలిగించవు. తొలి నోట్లు చూపుకు అతి సుందరమైనవి. ఒక డాలర్ మొదలుకొని వెయ్యి డాలర్ల దాకా వాటి మీద అమెరికా చరిత్ర బొమ్మలుగా చెక్కి ఉంటుంది: అయిదు డాలర్ల మీద తీరాన్ని కనిపెట్టిన కొలంబస్, పది మీద గాలిపటంతో మెరుపును పట్టిన ఫ్రాంక్లిన్, ఇరవై మీద లెక్సింగ్టన్ పోరు. వెనుక వైపు బ్యాంకు ఉన్న రాష్ట్రపు ముద్ర. వాటిలో రెండు డాలర్ల నోటుకు సేకరించేవారు పెట్టుకున్న పేరు ‘లేజీ డ్యూస్’, అంటే బద్ధకపు రెండు. దాని మీద పెద్ద రెండంకె నిలబడకుండా నడుం వాల్చినట్టు అడ్డంగా పడుకుని ఉంటుంది. 1879 జనవరి 1న ప్రభుత్వం నోట్లకు బదులు లోహపు నాణేలు చెల్లించడం మళ్లీ మొదలుపెట్టాక ఒకటి, రెండు డాలర్ల జాతీయ నోట్లు అచ్చు కావడం ఆగిపోయింది. అందువల్ల 1879 తరువాత పుట్టిన ఊళ్లకు, బ్యాంకులకు ఈ రెండు విలువలూ దక్కనే లేదు.

తరువాత 1882 శ్రేణి వచ్చింది. దాని తొలి రూపానికి వెనుకవైపు గోధుమ రంగు, మధ్యలో పెద్ద ఆకుపచ్చ అంకెల్లో చార్టర్ నంబరు. ఊరి గుర్తును ఇంత గర్వంగా ప్రకటించిన నోటు మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. 1902 శ్రేణిలో ముందుగా ఎర్ర ముద్ర, తరువాత నీలి ముద్ర ఉన్నవి వచ్చాయి. ఎర్ర ముద్రవి 1902 నుంచి 1908 వరకే అచ్చయ్యాయి గనుక చిన్న ఊళ్ల విషయంలో అవి దొరకడం కష్టం. 1907 నాటి ఆర్థిక సంక్షోభం తరువాత, 1908 మే 30న వచ్చిన ఆల్డ్రిచ్–వ్రీలాండ్ చట్టం బాండ్లే కాకుండా ఇతర పత్రాలనూ హామీగా పెట్టవచ్చని చెప్పడంతో, ఆ మాటను నోటు మీదికి ఎక్కించి, వెనుక 1902, 1908 అనే తేదీలు వేశారు. ఆ పైన తేదీలు కూడా పోయి, మామూలు వెనుకభాగంతో 1929 వరకు నడిచాయి. 1929లో అమెరికా నోట్లన్నీ ఇప్పటి చిన్న పరిమాణానికి కుదించుకుపోయినప్పుడు జాతీయ నోట్లూ కుదించుకుపోయాయి. అందం దృష్ట్యా ఈ చివరి మెట్టు చాలా దిగువనే ఉంది: అన్ని బ్యాంకులకూ ఒకే చట్రం, ఎడమవైపు నల్ల అక్షరాల్లో బ్యాంకు పేరు. అయినా కొత్తగా ఈ దారిలోకి వచ్చినవారికి తమ ఊరి నోటు అందుబాటులో దొరికేది ఎక్కువగా ఈ చిన్న నోట్లలోనే.

ఇక్కడే తొలి అడుగులోనే చాలామంది పడే పొరపాటు ఒకటి ఉంది. 1933 మార్చిలో దేశమంతటా బ్యాంకులకు సెలవు ప్రకటించినప్పుడు డబ్బు కొరత తీర్చడానికి, సిద్ధంగా ఉన్న 1929 జాతీయ నోట్ల కాగితం మీద, అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థకు చెందిన ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుల పేర్లు అచ్చు వేసి హడావుడిగా చలామణీలోకి తెచ్చారు. గోధుమ రంగు ముద్ర, ‘నేషనల్ కరెన్సీ’ అనే శీర్షిక, 1929 అనే ఏడాది అన్నీ ఉంటాయి. కానీ అవి ఊరి బ్యాంకు నోట్లు కావు, వాటి మీద చార్టర్ నంబరు ఉండదు. చార్టర్ నంబరు లేని నోటును ఊరి నోటుగా కొనకూడదన్నది ఈ సేకరణలో మొదటి పాఠం. రెండో పాఠం తేదీకి సంబంధించింది. 1929కి ముందటి పెద్ద పరిమాణపు నోట్ల మీద నెల, రోజు, ఏడాదితో సహా అచ్చయిన తేదీ ఆ నోటు వెలువడిన రోజు కాదు. బ్యాంకు చార్టరుకో, దాని పొడిగింపుకో ముడిపడిన తేదీ. 1905 అని ఉన్న నోటు 1920ల్లో అచ్చయి ఉండవచ్చు. అసలు కాలం తేల్చేవి ఒక్కో నోటుకూ వేసిన వరుస సంఖ్యలు, ప్రాంతాక్షరం, కింద ఉన్న సంతకాలు.

ఆ సంతకాల దగ్గర ఆగవలసిందే. నోటు మీద నాలుగు సంతకాలుంటాయి. పైన రెండు ఖజానా అధికారులవి, అచ్చులోనే చెక్కినవి. వాటిలో రిజిస్ట్రార్ బ్లాంచ్ బ్రూస్ సంతకం చరిత్రకెక్కింది: బానిసగా పుట్టి, మిసిసిపీ నుంచి సెనేటరై, 1881లో ఆ పదవి చేపట్టిన ఆయనది, అమెరికా కరెన్సీ మీద కనిపించిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ సంతకం. కింద రెండు మాత్రం ఊరివి: బ్యాంకు అధ్యక్షుడిదీ, క్యాషియర్‌దీ. వాషింగ్టన్ నుంచి షీట్లుగా వచ్చిన నోట్లకు వీరిద్దరూ కలం పట్టుకుని ఒక్కొక్కదాని మీదా సంతకం పెట్టి, కత్తెరతో విడదీసి, గల్లాపెట్టెలో పెట్టేవారు. అందుకే చాలా నోట్ల అంచులు వంకరగా ఉంటాయి. దాన్ని లోపంగా చూడడం కంటే ఆ ఊరి క్యాషియర్ చేతిపనిగా చూడడం న్యాయం. కొందరు విసుగెత్తి రబ్బరు ముద్ర చేయించుకున్నారు. 1929 నోట్ల నాటికి సంతకాలు కూడా అచ్చులోనే వచ్చేశాయి. క్యాషియర్ పేరు తెలిస్తే ఊరి పాత పత్రికల్లో, జనాభా లెక్కల పుస్తకాల్లో అతని ఇల్లు, కుటుంబం, వృత్తి బయటపడతాయి. మహిళలు క్యాషియర్లుగా, అధ్యక్షులుగా సంతకం చేసిన నోట్లూ ఉన్నాయి. ఆనాటి పల్లె అమెరికాలో స్త్రీ చేతిలో బ్యాంకు తాళాలు ఉండేవనడానికి అవి చెరగని రుజువులు, వాటికోసమే వెతికేవారు ఉన్నారు.

సంతకం లేని నోటు చెల్లదన్న నమ్మకం దోపిడీదారులకు ఒక అడ్డంకిగా ఉండేది. చిన్న ఊళ్ల బ్యాంకుల మీద దాడులు కల్పితగాథలు కావు. 1876 సెప్టెంబరు 7న మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్‌లో ఫస్ట్ నేషనల్ బ్యాంకు మీద జేమ్స్–యంగర్ ముఠా విరుచుకుపడినప్పుడు, ఆనాడు క్యాషియర్ స్థానంలో ఉన్న జోసెఫ్ హేవుడ్ ఇనప్పెట్టె తెరవడానికి నిరాకరించి ప్రాణం పోగొట్టుకున్నాడు. 1892 అక్టోబరు 5న కాన్సస్‌లోని కాఫీవిల్‌లో డాల్టన్ ముఠా దోచబోయిన రెండు బ్యాంకుల్లో ఒకటి ఫస్ట్ నేషనల్. బ్యాంకుల నుంచి దొంగిలించిన, సంతకం లేని లేదా దొంగ సంతకం ఉన్న నోట్లు కూడా జనం చేతికి చేరాయంటే చెల్లించవలసిందేనని 1892 జులై 28న ఒక చట్టం తేల్చింది. నిర్దోషిగా నోటు పుచ్చుకున్నవాడు నష్టపోకూడదన్నదే దాని ఉద్దేశం. నార్త్‌ఫీల్డ్ నోటు ధర అదే రకపు పక్క ఊరి నోటు ధర కంటే ఎక్కువ పలికితే ఆ అదనం కాగితానికి కాదు, హేవుడ్ కథకు.

ఇప్పుడు అరుదుతనాన్ని కొలిచే సంగతి. చాలా పురావస్తువులకు లేని సౌకర్యం ఈ నోట్లకు ఉంది: ప్రభుత్వం ప్రతి బ్యాంకుకూ ఎన్ని నోట్లు పంపిందో, చివరికి ఎంత విలువ తిరిగి రాకుండా మిగిలిపోయిందో లెక్క రాసిపెట్టింది. ఫలానా బ్యాంకు పెద్ద పరిమాణపు నోట్లలో తిరిగి రాని మొత్తం వెయ్యి డాలర్ల లోపే ఉంటే, నోట్లు ఎక్కువగా పదులు, ఇరవైలు గనుక, సిద్ధాంతరీత్యా వంద లోపు నోట్లే మిగిలి ఉండాలి. అయితే ఈ అంకెను చూసి మోసపోకూడదు. తిరిగి రానివన్నీ ఎవరి పెట్టెలోనో భద్రంగా ఉన్నాయని కాదు. అగ్నిప్రమాదాల్లో కాలినవీ, వరదల్లో పోయినవీ, దుస్తుల జేబుల్లో నానినవీ అందులోనే లెక్క. అందుకే రెండో లెక్క అవసరమైంది: నిజంగా ఎవరైనా కళ్లారా చూసిన నోట్ల జాబితా. 1961లో ఏర్పడిన కాగితపు కరెన్సీ సేకర్తల సంఘం, దానిలోని పరిశోధకులు దశాబ్దాలుగా వేలం పట్టికలు, ప్రదర్శనలు, కుటుంబాల పెట్టెలు గాలించి చార్టర్ నంబరు, విలువ, వరుస సంఖ్యలతో ప్రతి నోటునూ నమోదు చేస్తూ వచ్చారు. ఇలాంటి జాబితాలో ఒక బ్యాంకు ఎదుట ‘ఒక్కటే’ అని ఉంటే ఆ నోటుకు వెల కట్టడం కష్టం. అసలేమీ లేకపోతే ఆ బ్యాంకు నోటు ‘ఇంకా కనబడలేదు’ అంటారు. ఈ జాబితాలు కదులుతూ ఉంటాయి. ఒక్కటే అనుకున్న ఊరికి ఎవరి తాతగారి బైబిలులోనో మరో మూడు దొరికితే ధర కుంగిపోతుంది. ఆ కుంగుబాటు కొన్నవారికి చేదే అయినా, ఊరి చరిత్రకు లాభమే.

నోట్లు ఎందుకంత తక్కువ మిగిలాయన్న దానికి మరో కారణం చాలామంది పట్టించుకోనిది. నాణెం దాచుకోవడం వేరు, పది, ఇరవై డాలర్ల నోటు దాచుకోవడం వేరు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఇరవై డాలర్లు కూలివాడికి వారాల సంపాదన. జ్ఞాపకార్థం అంత డబ్బును ఖర్చు చేయకుండా ఉంచుకునే స్తోమత ఎవరికుంటుంది? ఆ ఊరి బ్యాంకరుకే. అందువల్లనే ఒకటో నంబరు వరుస సంఖ్య ఉన్న నోట్లు, కత్తిరించని తొలి షీట్లు తులనాత్మకంగా బాగా మిగిలాయి. అధ్యక్షుల, క్యాషియర్ల కుటుంబాలు వాటిని అద్దం వెనుక బిగించి వేలాడదీశాయి. 1930ల మాంద్యంలో నోట్లు కూడబెట్టిన సంపన్న సేకర్తలూ కొందరున్నారు. ఆల్బర్ట్ గ్రినెల్ అనే ఆయన భారీ సంగ్రహం 1944 నుంచి 1946 వరకు విడతలవారీగా వేలంలో అమ్ముడయింది. ఆనాడు చెదిరిన నోట్లు ఇప్పటికీ ఒక సంగ్రహం నుంచి మరో సంగ్రహానికి చేతులు మారుతున్నాయి, ‘గ్రినెల్ దగ్గరున్నది’ అన్న మాట వాటికి వంశవృక్షం లాంటిది.

నోటు స్థితికి ఇచ్చే ప్రాధాన్యం మీద మాత్రం ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. నాణేల సేకరణ నుంచి వచ్చిన డెబ్బై మెట్ల కొలమానం ఇప్పుడు నోట్లకూ వర్తిస్తోంది; ప్లాస్టిక్ తొడుగులో మూసి, దాని మీద అంకె వేసి అమ్ముతున్నారు. న్యూయార్క్, షికాగో లాంటి నగరాల నోట్లు కోకొల్లలుగా ఉన్నప్పుడు వాటిలో ఫెళఫెళలాడే కొత్త నోటుకు విలువ ఎక్కువ ఇవ్వడం సబబే. కానీ ప్రపంచంలో రెండే మిగిలిన పల్లె నోటుకు మడతలు, మురికి, చిరుగు అడ్డం చెప్పడం అవివేకం. అది నలిగింది కాబట్టే ఆ ఊరి సంతలో, పశువుల బేరంలో, జీతాల రోజున చేతులు మారిందని తెలుస్తోంది. అంతకంటే ప్రమాదం మరోటి ఉంది: అంకె పెంచుకోవాలన్న ఆశతో నోటును ఉతికి, ఇస్త్రీ చేసి, చిరుగులు అతికి, వెలిసిపోయిన కలం సంతకాన్ని మళ్లీ దిద్దడం. పాత సిరా కాలక్రమేణా గోధుమ రంగుకు తిరిగి, కొన్నిసార్లు పూర్తిగా చెరిగిపోతుంది. చెరిగిన సంతకం బాధాకరమే, దిద్దిన సంతకం అబద్ధం. కొనేవారు భూతద్దంతో చూడవలసిన మొదటి చోటు అదే. రెండో చోటు బ్యాంకు పేరు, చార్టర్ నంబరు ఉన్న భాగం. చవక ఊరి పేరును గీకి అరుదైన ఊరి పేరుగా మార్చే ప్రయత్నాలను కాగితం పలుచబడడం పట్టిస్తుంది.

ఏమి సేకరించాలన్న దానికి ఒకే దారి లేదు. రాష్ట్రానికొకటి చొప్పున పోగుచేసేవారికి పెన్సిల్వేనియా, అయోవా, ఇల్లినాయ్ సులువుగా దొరుకుతాయి. నెవాడా, అరిజోనా, వయోమింగ్, అలాస్కా దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతారు. అలాస్కాకు జూనో, ఫెయిర్‌బ్యాంక్స్ బ్యాంకులు, హవాయికి హోనలులు బ్యాంకు, ప్యూర్టో రికోకు సాన్ హువాన్ బ్యాంకు నోట్లు జారీ చేశాయి. ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాల పేర్లు మోసిన నోట్లు మరీ విలువైనవి: డకోటా టెరిటరీ, ఇండియన్ టెరిటరీ అన్న అక్షరాలు ఆ ప్రాంతాలు భూపటం మీదనే మారిపోయిన తరువాత నోటు మీద మిగిలాయి. పేరు మార్చుకున్న ఊళ్లూ అంతే. పెన్సిల్వేనియాలోని మాక్ చంక్ అనే బొగ్గు ఊరు 1954లో జిమ్ థార్ప్ అని పేరు మార్చుకుంది. పాత పేరు ఆ ఊరి నోట్ల మీద చెక్కుచెదరకుండా ఉంది. బ్యాంకుల పేర్లే ఊరి బతుకుతెరువు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. పాట్స్‌విల్‌లోని మైనర్స్ నేషనల్ బ్యాంకు పేరు చూస్తే ఆ ఊరు దేని మీద బతికిందో వేరే చెప్పనక్కరలేదు.

అన్నిటిలోకీ నిజాయితీగల దారి, తమ సొంత ఊరితోనో, జిల్లాతోనో మొదలుపెట్టడమే. అలా చేసేవారు నోటు కొని ఊరుకోరు. ఆ బ్యాంకు భవనం ఇప్పుడు ఏమైంది, దాని అధ్యక్షుడి సమాధి ఎక్కడుంది, 1920ల్లో పంటల ధరలు పడిపోయినప్పుడు ఆ బ్యాంకు ఎలా మూతపడింది అని వెతుకుతారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి కూడా ఈ దారి మూసి లేదు. టెక్సస్‌లోనో న్యూజెర్సీలోనో తాము ఇల్లు కట్టుకున్న శివారు పట్టణం వందేళ్ల కిందట సొంత నోటున్న పల్లె అయి ఉండవచ్చు. నోటు మీద స్థలం పేరు ఉండడం మనకూ పూర్తిగా కొత్త కాదు: 1861 కాగితపు కరెన్సీ చట్టం తరువాత బ్రిటిష్ ఇండియా నోట్లు మద్రాసు, కలకత్తా, బొంబాయి లాంటి సర్కిళ్ల పేర్లతో వెలువడేవి, చాలాకాలం ఒక సర్కిల్ నోటును మరో సర్కిల్‌లో చట్టపరంగా పుచ్చుకోవలసిన బాధ్యత లేదు. తేడా ఏమిటంటే అక్కడ పేరు ప్రభుత్వపు శాఖది. అమెరికా నోటు మీద పేరు, వాటాలు వేసుకుని బ్యాంకు పెట్టుకున్న ఊరిది. అయినా ఆ నోటు దేశమంతటా ముఖవిలువకే చెల్లేది.

ఈ నోట్ల ముగింపు కూడా బాండ్ల నుంచే వచ్చింది. నోట్లకు ఆధారంగా నిలిచిన రెండు శాతం వడ్డీ బాండ్లను ఖజానా 1935లో చెల్లించి వెనక్కి తీసుకోవడంతో, నోట్లు నిలబడే నేల లేకుండా పోయింది. అప్పటికే మాంద్యం వేలాది పల్లె బ్యాంకులను మింగేసింది. బతికిన బ్యాంకులు తమ నోట్లకు సరిపడా డబ్బు ఖజానాకు కట్టి ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాయి. అప్పటి నుంచి ఆ నోట్లకు జవాబుదారీ ఖజానాయే. బ్యాంకుల్లోకి వచ్చిన ప్రతి జాతీయ నోటూ వాషింగ్టన్‌కు వెళ్లి నాశనమైంది. చిన్న ఊళ్ల నోట్లు మిగిలినవన్నీ ఆ ప్రవాహంలోంచి జారిపోయినవే.

ఏ నోటూ మిగలని ఊళ్లకు మరో ఆసరా ఉంది. ప్రభుత్వ ముద్రణాలయం తాను చెక్కిన ప్రతి అచ్చుపలక నుంచి ఒక నమూనా షీటు తీసి ధ్రువీకరించి దాచేది. ఆ నమూనాలు ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ జాతీయ నాణేల సంగ్రహంలో ఉన్నాయి. ఇంతవరకు ఎవరి చేతికీ చిక్కని బ్యాంకు నోటు మీద ఊరి పేరు ఏ అక్షరాల్లో ఉండేదో, దాని కింద ఏ తేదీ ఉండేదో ఆ నమూనా షీటు చూపిస్తుంది. అందులో కింది గీతల మీద అధ్యక్షుడి సంతకం, క్యాషియర్ సంతకం ఉండవలసిన రెండు చోట్లూ ఖాళీగా ఉంటాయి.